అవునన్న పిచ్చుక

రోజూ పదింటికి టీచరమ్మ హాలు తలుపులు తీసి, బల్లలు గోడవారకి జరిపి, నేలంతా తడిగుడ్డతో తుడిచేది. శిష్యులు ఎంత వారించినా ఆ పని ఎవరికీ వదిలేది కాదు. రాసిపెట్టుకోకుండా, కంఠతా పట్టకుండా, అప్పటికప్పుడు మాట పుట్టించి ఆడే నాటకాన్ని ఆ ఊళ్ళో మొదలుపెట్టింది ఆవిడే. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత టిక్కెట్ల కోసం వరసలో నిలబడ్డారు.

ఆ హాల్లో ఆడుతూ అన్న మాట నిజమై అలాగే ఉండిపోయేది. ఎడంచేత్తో రాస్తానన్న గుమస్తా మర్నాటి నుంచి ఆఫీసులో ఎడంచేత్తోనే రాశాడు. ఈత వచ్చునన్న దర్జీకి ఈత వచ్చేసింది. ఇంట్లోవాళ్ళు "ఇవాళ ఏమన్నావ్?" అని అడిగి, దానికి తగ్గట్టు సర్దుకునేవాళ్ళు.

ఆవిడ నేర్పే సూత్రం ఒక్కటే. "ఎదుటివాడు ఏమన్నా కాదనకు. కాదన్నావో, ఆట అక్కడే చచ్చింది."

ఆ మాటని అందరికంటే బాగా ఒంటబట్టించుకుంది పిచ్చుక. సన్నగా, చురుగ్గా ఉంటుందని ఆ పేరు. ఏడేళ్ళ కిందట, నిండు హాల్లో, సంగీతం మాస్టారు ఆటలో ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు నా పెళ్ళానివి కదూ?" అన్నాడు. పిచ్చుక టీచరమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఏముందో ఆవిడకి తెలిసింది. కానీ జనం ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఆట అంతగా రక్తికట్టడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. కళ్ళు దించుకుంది.

"అవును," అంది పిచ్చుక. చప్పట్లు మోగాయి. మర్నాటికి ఆమె అతని ఇంట్లో వంట చేస్తోంది.

అతను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆమెని అడిగినవాటికి తనే జవాబు చెప్పేవాడు, అంతే. టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకోవాలన్నా పిచ్చుక అతని మొహం చూసేది. అది చూసినప్పుడల్లా టీచరమ్మ తన టీ పక్కన పెట్టేసేది. ఒక్క మాటతో విడిపించవచ్చని తెలిసీ, తనకి పేరు తెచ్చిన సూత్రాన్ని తనే తుంచలేక, రేపు చూద్దామనుకునేది. అలా ఏడేళ్ళు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన. చోటు చెప్పమంటే జనంలోంచి ఎవరో రైల్వే స్టేషన్ అన్నారు. సంగీతం మాస్టారు లేని పెట్టెని ఎత్తుకుని, "పద, బండొచ్చింది," అన్నాడు. పిచ్చుక కదిలింది.

"కాదనమ్మా," అంది టీచరమ్మ, కూర్చున్న చోటి నుంచే. నలభై ఏళ్ళలో ఆవిడ ఆట మధ్య నోరు విప్పడం అదే మొదలు.

పిచ్చుక ఆగింది. "కాదనకూడదని మీరే కదా టీచర్ చెప్పారు?"

"తప్పు చెప్పాను. ఆ రోజు నీ మొహం చూసి కూడా ఊరుకున్నాను. చప్పట్ల కోసం."

పిచ్చుక మాస్టారి వైపు తిరిగింది. "నేను రాను," అంది. "మీ పెళ్ళాన్ని కాను."

సంగీతం మాస్టారు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఏమనుకోకండి, ఎవరో అనుకున్నాను," అని మర్యాదగా చెప్పి, బండెక్కి వెళ్ళిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జనం వెళ్ళాక ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు.

"మరి నా ఏడేళ్ళు, టీచర్?"

"వాటిని తెచ్చే మాట నా దగ్గర లేదమ్మా." ఆవిడ పిచ్చుక వైపు తిరిగింది. "నన్ను క్షమిస్తావా?"

పిచ్చుక ఎవరి వైపూ చూడలేదు.

"లేదు," అంది.

లేచి, చెప్పులేసుకుని, ఎండలోకి నడిచింది. టీచరమ్మ ఏడుస్తూనే తల ఊపింది, పాఠం బాగా ఒప్పజెప్పిన పిల్లకి ఊపినట్టు.