గంప కింద గుడ్లు

తెల్లవారగానే నెత్తళ్ళ చేపలు ఎండేయడానికి వచ్చిన సుబ్బరావమ్మకి ఇసుకలో తాబేలు జాడ కనిపించింది. అలల దగ్గర్నుంచి పైకి వచ్చి, ఆమె రోజూ చేపల కింద వల పరిచే చోట ఆగి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది. ఆగిన చోట ఇసుక గుల్లగా ఉంది. కింద నూరు గుడ్లకి తక్కువుండవు.

చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఆ తర్వాత, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

పదిహేను రోజుల కిందట ఇలాంటి జాడే కనిపిస్తే తనే శ్రీకృష్ణని పిలిచి చూపించింది. శ్రీకృష్ణ ఆ పేటవాడే. అటవీశాఖ కింద తాబేలు గుడ్లకి కాపలా ఉద్యోగం చేస్తాడు. అతను గుడ్ల చుట్టూ కర్రలు పాతి, దడి కట్టి, బోర్డు పెట్టాడు. దాంతో ఆమె చేపలు ఎండేసుకునే చోటు సగం పోయింది.

"నలభై అయిదు రోజులే పిన్నీ" అన్నాడు.

అప్పటికి మిరపకోతలు అయిపోతాయి. పర్చూరు వైపు కోతకూలీలు ఎండు నెత్తళ్ళు కొనేది ఆ రోజుల్లోనే.

ఆమె భర్త బుల్లయ్య వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి వదిలేస్తాడు. ఆ బుల్లయ్యే, తాబేళ్ళ కోసం తీరాన్ని రక్షిత ప్రాంతం చేయొద్దని అటవీశాఖకి రాసిన కాగితం మీద అందరికంటే ముందు సంతకం పెట్టాడు. అదేమిటని అడిగితే, "నేను వదిల్తే మొక్కు. వాళ్ళు వదలమంటే రూలు" అన్నాడు. అది ఒప్పో తప్పో సుబ్బరావమ్మకి ఇప్పటికీ తెలియలేదు.

చీపురు తీసుకుని జాడ చెరిపేసింది. నుదుటి కుంకుమ కాస్త వేలికి తీసి ఆ గుల్ల ఇసుక మీద అద్దింది. పైన గంప బోర్లించి, రాయి పెట్టి, చుట్టూ నెత్తళ్ళు పరిచింది.

నెత్తళ్ళ వాసనకి కుక్కలు వచ్చాయి. ఒకటి తిన్నగా గంప దగ్గరికే వెళ్ళి ఇసుక గోకింది. కర్ర తీసుకుని అక్కడే కూర్చోక తప్పలేదు.

పక్కింటి వెంకటరావమ్మ అటుగా వస్తూ ఆగింది. "ఏమ్మే, నెత్తళ్ళక్కూడా కాపలానా?"

"కాకులు."

"పడవలు ఆపేస్తారంట, విన్నావా? పేటలో ఏసుబాబేమో మనోళ్ళకే ఉద్యోగాలిస్తారంటున్నాడు. అయినా అడివోళ్ళకి సముద్రంలో ఏం పనమ్మా?"

"ఏమో వదినా. పొద్దున ఒకటనిపిస్తది, మాపటికి ఇంకోటనిపిస్తది."

ఎండ నడినెత్తికొచ్చింది. పడవ వచ్చే వేళయింది, ఇంట్లో పొయ్యి వెలగలేదు. కుక్కలు రెండూ తడి ఇసుకలో పడుకుని ఇటే చూస్తున్నాయి. ఈ పూటకి సరే, మిగతా నలభై నాలుగు రోజులూ ఎవరు కూర్చుంటారు?

శ్రీకృష్ణ తీరం వెంట నడుచుకుంటూ వచ్చాడు. "ఇయ్యాళ జాడలేమన్నా కనపడినయ్యా పిన్నీ?"

ఆమె లేచి కర్ర అతని చేతిలో పెట్టింది.

"నువ్విక్కడ కూచో అబ్బాయ్. అన్నం వార్చి వస్తా."

"కూచుంటాలే. దేనికి, కాకులకా?"

"కాకులకే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "గంప మాత్రం తీయమాక."

శ్రీకృష్ణ గంప వంక చూశాడు. చుట్టూ శుభ్రంగా ఊడ్చి ఉన్న ఇసుక వంక చూశాడు. కుక్కల వైపు తిరిగి, కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

సుబ్బరావమ్మ ఇంటికి నడిచింది. తను అతనికి చెప్పినట్టో, చెప్పనట్టో దారి పొడుగునా ఆలోచించినా ఆమెకి తేలలేదు.