పూలు మొహం తిప్పుకున్న పొద్దు

హిల్కేది రోగం మొక్కలు వెతికే పని. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని, బకెట్టు పట్టుకుని, ఇసుక దిబ్బల వెనక తులిప్ చేలల్లో సాలు వెంట సాలు నడిచేది. ఆకు మీద మచ్చో, రేకు మీద చారో కనిపిస్తే ఆ మొక్కని ఉల్లిపాయలాంటి గడ్డతో సహా పెకలించి బకెట్లో వేసేది. ఒక్కటి వదిలినా పక్కవాటికి అంటుకుంటుంది.

ఆమె నడిచే చేలో పని తేలిక. రోగం తగిలిన మొక్క నుంచి చుట్టుపక్కల పూలన్నీ మొహం తిప్పుకునేవి. అది అందరికీ తెలిసిందే. హిల్కే చేను కదా అనుకుని ఎవరి సాల్లో వాళ్లు పోయేవాళ్లు.

ఆ ఏడు చలి గట్టిగా పడింది. కాలవలు గడ్డకట్టాయి. గడ్డి కప్పిన నేల నెలన్నర పాటు రాయిలా బిగిసిపోయింది. అంత చలి తిన్న గడ్డలే బాగా పూస్తాయి. ఏప్రిల్ మూడో వారానికి చేను చేనంతా ఎర్రగా విచ్చుకుంది.

ఆ పొద్దున ఆమె అడుగు పెట్టగానే పూలు పక్కకి తిరిగాయి. వంగి చూసింది. మచ్చ లేదు. నాలుగడుగులు వేస్తే అక్కడా తిరిగాయి. సాలు మారింది, అదీ అంతే. గంటసేపు వెతికినా బకెట్టు ఖాళీగానే ఉంది. చివరికి చేను నడుమ నిలబడిపోయింది. గాలి లేదు. వేలవేల పూలు, దండెం మీది బట్టలు కదిలినంత చిన్న చప్పుడుతో, ఆమెకి నాలుగు వైపులా మెల్లగా అవతలికి తిరిగాయి. అంత అందం ఆమె పుట్టి ఎరగదు. భయం ఆ తర్వాత వేసింది.

ముప్పై ఏళ్లుగా పక్క సాల్లో నడుస్తున్న ముసలి వీబె టోపీ తీశాడు.

"అమ్మాయ్, రోగం మొక్కల్లో లేదు."

ఏ పువ్వుకీ తగలకుండా కోటు దగ్గరికి పట్టుకుని ఆమె గట్టెక్కింది. ఇంట్లో మొగుడు సీబ్రాండ్ రొట్టె, జున్ను తింటున్నాడు. జరిగింది చెప్పింది.

"రోగమొస్తే ఏం చేస్తామో నాకు తెలుసుగా," అంది. "పెకలించి పారేస్తాం."

"నువ్వు గడ్డవి కాదు. పద, డాక్టరు దగ్గరికి," అని అతను తింటున్నవాడల్లా లేచాడు.

నొప్పి లేదు, నీరసం లేదు, మరెందుకొచ్చావని పట్నం డాక్టరు అడిగాడు. చెప్పింది. ఆయనా ఆ చేల మధ్య పెరిగినవాడే. వెంటనే పరీక్షలు రాశాడు. మూత్రపిండంలో వెల్లుల్లి రెబ్బంత కంతి కనిపించింది. మే నెలలో ఆ మూత్రపిండం తీసేశారు. ఆ కంతి నొప్పిగా బయటపడేదాకా ఆగి ఉంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు.

అక్టోబరులో గడ్డలు నాటే వేళకి ఆమె లేచి తిరుగుతోంది గానీ వంగితే కుట్లు లాగుతున్నాయి. కాలవల్లో పాల పడవ నడుపుకునే సీబ్రాండ్ జన్మలో మొదటిసారి మట్టిలో మోకాళ్లూనాడు. ఆమె బోర్లించిన పెట్టె మీద కూర్చుని, మొన పైకి పెట్టమని, ఇంకా లోతుగా పెట్టమని గదమాయిస్తూ ఒక్కొక్క గడ్డా అందిస్తోంది. మధ్యలో ఒకదాన్ని అరచేతిలో ఉంచుకుని చూస్తూ ఉండిపోయింది. లోపల వచ్చే ఏటి పువ్వు అప్పటికే గోరంత రూపు కట్టి ఉంటుంది.

"ఈసారి కూడా చలి గట్టిగా పడాలి," అంది.

కాలవ గడ్డకట్టి పడవ ఆగిపోతుందని ఏటా చలిని తిట్టుకుంటూ మూలిగే మనిషి, మట్టి చెయ్యి చాచి గడ్డ అందుకున్నాడు.

"పడనీ," అన్నాడు.