సొరంగంలో తడిమే చెయ్యి

మా కాలేజీ ల్యాబులో గాలి సొరంగాలు రెండున్నాయి. మొదటిది రెండు వైపులా తెరిచి ఉండే గొట్టం. ఇటు నుంచి గదిలోని గాలిని పీల్చి, నడుమ అద్దాల పెట్టెలో బిగించిన కారు బొమ్మ మీదుగా పరుగెత్తించి, అటు వదిలేస్తుంది. రెండోది మూసిన సొరంగం. దాని గొట్టం నాలుగు మూలలు తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది, ఫ్యాను అదే గాలిని తిప్పి తిప్పి పంపుతుంది. తలుపు తీస్తే తప్ప ఆ గాలి బయటికి రాదు. ఈ ముక్క పిల్లలకు ఏటా నేనే చెప్తాను. పరీక్షలో రాయకపోతే మార్కులు కూడా కోస్తాను.

రెండోదాన్ని కట్టింది మా ఆయన బాలరాజు. మొన్న చలికాలంలో దాని అద్దం తలుపు తీసి, తల లోపల పెట్టి బొమ్మను ఊడదీస్తూ అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. ఆయన్ను దవాఖానకు మోసుకుపోతుంటే అటెండర్ ఇస్తారి అలవాటు కొద్దీ ఆ తలుపు మూసి గడియ పెట్టాడు.

పిట్టకు పెట్టిన రోజు చంద్లాపూర్‌లో మా పొలం గట్టు మీద ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టాం. కాకులు చుట్టూ తిరిగాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. పోయినవాడికి కోరిక మిగిలిపోతే పిట్ట ముట్టదని మా వాళ్ల నమ్మకం. బోరు వేయిస్తామని ఒకరు, ఇల్లు లేపుతామని ఒకరు గాల్లోకి చూసి మాటిచ్చారు. ఆయనకు ఇంటి మీద ధ్యాస ఎప్పుడుందని! నాకు ఒళ్లు మండింది. చివరికి విస్తరి ఆవుకు పెట్టి వచ్చేశాం. అప్పటి నుంచి మా అత్త కిష్టవ్వ సరిగా తినడం మానేసింది. కొడుకు ఎక్కడ చిక్కుబడ్డాడోనని ఆమె బెంగ. నేనైతే అవేవీ నమ్మేదాన్ని కాదు.

మళ్లీ డ్యూటీలో చేరాక ఒక మధ్యాహ్నం మూసిన సొరంగం నడిపించి, సన్న గొట్టాల్లోంచి పొగ వదిలాను. పెట్టె ఖాళీగా ఉంది. ఖాళీ పెట్టెలో పొగ మగ్గం మీది పోగుల్లా తిన్నగా సాగాలి. అది తలుపు దగ్గరికొచ్చి చీలింది. ఏమీ లేని చోట దేన్నో తప్పించుకుని పోతోంది. వేగం తగ్గించి చూస్తే అరచెయ్యి, వేళ్లు, ఆయనదే వంకర చిటికెన వేలు. అది తలుపు అంచు వెంట మెల్లగా జరుగుతోంది.

చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాను. ఆ వెంటనే సంతోషం కూడా వేసింది. సొరంగం నడిచినప్పుడల్లా ఆయన తలుపు అంచుల మీద చెయ్యి పెట్టి, గాలి ఎక్కడ కారుతోందో వెతికేవాడు. సందు దొరికితే నాతో టేపు వేయించేవాడు. చచ్చినా పని మానలేదు మహానుభావుడు అనుకున్నాను. చెయ్యి ఆగిన చోటల్లా టేపు అంటించాను.

ఇక రోజూ అదే పని. మూసిన సొరంగం రిపేరులో ఉందని చెప్పి పిల్లల్ని తెరిచిన సొరంగం దగ్గరికే పంపేదాన్ని. పొగ వాడాక తలుపు తీసి గాలి మార్చాలి, లేకపోతే అదే పొగ తిరిగి తిరిగి లోపలంతా మసకేస్తుంది. ఆయన పోతాడేమోనని నేను తీయలేదు. పోనుపోను పెట్టె తెల్లబడింది. చెయ్యి తొందర తొందరగా తిరగసాగింది. టేపు లోపలి నుంచి ఉబ్బి అణిగేది. ఉబ్బిన చోట ఇంకో వరస వేశాను.

నిన్నటి మాసికానికీ కాకి ముట్టలేదు. లేవమంటే అత్త విస్తరి ముందు నుంచి లేవలేదు.

"వానికి కోరికలేం లేవు బిడ్డా," అంది. "ఉంటే గిన్ని మాటలిచ్చినం, ఏదో ఒకదానికి ముడుతుండె. వానికి బయటికి తొవ్వ దొరుకుతలేదు. ఏడనో చీకట్ల తడుముకుంట తిరుగుతుండు."

ఆయన నాకు సందులు చూపిస్తున్నాడనుకున్నాను. ఆయనకు దొరికిన ప్రతి సందునూ నేనే మూసేశాను.

విస్తరి అక్కడే ఉంచమని చెప్పి, స్కూటీ తీసి కాలేజీకి పోయాను. ఫ్యాను వేయగానే ఆ తెల్లటి పొగలో అరచెయ్యి కనబడింది. ఈసారి జరగడం లేదు. అద్దానికి ఆనించి అలాగే ఉంది. ఇవతలి నుంచి నా చెయ్యి ఆనించాను. అద్దం వణుకుతోంది.

"ఇంక పో," అన్నాను. "నేనే పోనియ్యలే."

ఫ్యాను ఆపి, టేపంతా గోళ్లతో పీకి తలుపు తీశాను. నిలవ గాలి నా ముఖం మీదుగా, జుట్టులోంచి పోయింది. ఒక్క క్షణం మెడ వెనక ఆగింది. ల్యాబు షట్టర్ ఎత్తాను.

కాసేపటికి అత్త ఫోన్ చేసింది. పిట్ట ముట్టిందట. ఆకలైతుందని, అన్నం తింటానని చెప్పింది.

తలుపు మూసి మళ్లీ సొరంగం నడిపించాను. పొగ వదిలాను. గీతలు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోయాయి. ఎంతసేపు చూసినా ఎక్కడా వంగలేదు. మా ఆయన పోయాడని అప్పుడు ఏడ్చాను.