నీళ్లోసుకున్నవా?

కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి బోరాలు ఎత్తిన చోట చిలుకమ్మ ఊడుస్తోంది. కొంగు ముక్కుకు కట్టుకున్నా దుమ్ము లోపలికి పోతూనే ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా చీపురు ఆపి గోడకు ఆనుకుంటోంది. మెడ కింది ఎముకల గుంటల్లో చెమట నిలిచింది. ఒకప్పుడు బిగుతుగా ఉన్న రవిక చేతులు మోచేతుల దాకా జారుతున్నాయి.

"ఇయ్యాల వరంగల్ పోవాలె గద వదినె, ఇంక ఊడుస్తనే ఉన్నవా?" అంది పక్కన పత్తి ఏరుతున్న మొగిలమ్మ.

"ఊడ్వకపోతే రేపు ఈ చీపురు ఇంకొకదాని చేతులుంటది."

"అయితే జర నీళ్లోసుకొని పో. మొన్న దవాఖానల నర్సమ్మ మనల చూసి ముక్కు మూసుకున్నది, యాదికున్నదా?"

చిలుకమ్మకు క్షయ. ఏడాదిన్నర పాటు సూదులు వేయించుకోవాలన్నారు. దవాఖానకు పోయిన రోజు కూలి పోయేది, కూలికి పోయిన రోజు సూది పోయేది. వరంగల్‌లో ఒక దవాఖానలో కొత్త గోలీలు పరీక్షిస్తున్నారనీ, కొందరిని ఎంచుకుని ఊరికే ఇస్తున్నారనీ, ఆరు నెలల్లో నయమవుతుందనీ విన్నది. అవి దొరికితే బతుకుతుంది. తను బతికితే కూతురు శారద బడి మానదు.

యార్డు పంపు దగ్గర చల్లటి నీళ్లు గుమ్మరించుకుని, ఉతికిన చీర కట్టుకుని రైలెక్కింది.

దవాఖాన వరండాలో వరుసలో ఉన్నవాళ్లందరూ మగవాళ్లే. కాంపౌండరు యాదగిరి పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"నీళ్లోసుకున్నవా?"

"పోసుకున్న సారూ, పొద్దుగాలనే" అంది చిలుకమ్మ, కొంచెం గర్వంగా.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. యాదగిరి పేరు కొట్టేశాడు. "కడుపుతోటి ఉన్నోళ్లకు ఈ గోలీలియ్యరు. పక్కకు జరుగు."

ఆమెకు అప్పుడు అర్థమయింది. చెవులు వేడెక్కాయి. "అయ్యో, నేను తానం సంగతనుకున్న! నాకు కడుపేంది సారూ? ఆపరేషనయింది. మీ దవాఖానోళ్లే కోసిండ్రు."

"కాయితమున్నదా?"

"కాయితమెందుకు? కడుపు మీదనే ఉన్నది, చూడు." కుచ్చిళ్లు కాస్త కిందికి జరిపింది. యాదగిరి మొహం తిప్పుకున్నాడు.

"ఆడోళ్లతోటి ఇదే లొల్లి. మొగోళ్లయితే ఫికరుండదని పెద్ద డాక్టరు ముందే చెప్పిండు. నడువు."

చిలుకమ్మ నడవలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ లేవని ఆమె గొంతు వరండా అంతా వినిపించింది.

"కోసుటానికైతే జీపు తోలుకొచ్చి మా వాడ ఆడోళ్లందర్ని ఎక్కిచ్చుకపోయిండ్రు. అప్పుడు పనికొచ్చినం. గోలీలకు పనికిరామా? రేపు ఈ గోలీలు ఆడోళ్లు మింగరా? మాకు ఇయ్యకుంటే అవి మా పెయ్యికి పడ్తయో లేదో మీకెట్ల తెలుస్తది?"

దగ్గు వచ్చి ఇంకేమీ అనలేకపోయింది. యాదగిరి వెనక మనిషిని పిలిచాడు.

మధ్యాహ్నం రైలుకు తిరిగొచ్చి మిగిలిన యార్డు ఊడ్చింది. దగ్గులో నెత్తురు పడితే దాని మీద దుమ్ము కప్పి ముందుకు జరిగింది.

చలి తగ్గకముందే ఒక పొద్దున ఆమె లేవలేదు. జబ్బుతో పోయిందన్నారు వాడలో. మొగిలమ్మ ఆ మాట అననివ్వలేదు. "జబ్బు కాదు. ఆడిదైనందుకు పోయింది" అని శవం పక్కన కూర్చుని అందరికీ వినబడేలా అంది.

శారద బడి మానేసి పత్తి ఏరడానికి పోతోంది.

ఫిబ్రవరిలో సూర్యగ్రహణం వచ్చింది. వట్టి కళ్లతో చూడొద్దని, ఎక్స్‌రే ఫిల్ములోంచి చూడమని బడిలో సారు చెప్పాడు. వాడ మొత్తంలో అది చిలుకమ్మ ఇంట్లోనే ఉందని తెలిసి పిల్లలను పంపించాడు. బడికి ఎందుకు రావడం లేదని శారదను ఎవరూ అడగలేదు. ఫిల్ము మాత్రం అడిగారు. ఆమె ఇచ్చింది.

సాయంత్రం వాళ్లు తిరిగి తెచ్చిచ్చిన ఆ నల్లటి ఫిల్ములో, చిలుకమ్మ పక్కటెముకల మీద, అందరి వేలిముద్రలూ ఉన్నాయి.