బోసిగోడను చదివిన నాంచారమ్మ

నేను ఒక అక్షరాల అట్టను. కళ్ల డాక్టరు గోడకు వేలాడుతుంటుంది చూడండి, పైన ఏనుగంత అక్షరం, కిందికొచ్చేసరికి చీమంత, ఆ అట్టను. ఒంటినిండా అక్షరాలేగానీ నాకు చదువు రాదు. విన్నది మాత్రం మరిచిపోను. బెజవాడ ప్రెస్సులో పుట్టి, ఓ కళ్లజోళ్ల కొట్టులో పదేళ్లు వేలాడి, అది మూసేశాక బందరులో ఈ డాక్టరమ్మ గోడకెక్కాను. మనుషులు చిత్రమైనవాళ్లు. తమకు కనబడకపోతే "అచ్చు మసగ్గా ఉందండీ" అని నన్నే ఆడిపోసుకుంటారు.

నేను చెప్పుకోవలసింది మాత్రం నా తప్పు.

పెడన నుంచి నాంచారమ్మ వచ్చేది. కలంకారీ చీరలకు అచ్చులు వేసే మనిషి. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకితే పెద్దాసుపత్రిలో మందు ఎక్కిస్తున్నారు. గడ్డలు కరుగుతున్నాయి. కానీ ఆ మందుకు కొందరికి కంటి వెనక తెర నీరు పట్టి వాస్తుందట. అందుకే నెలనెలా చూపు పరీక్ష చేయించుకోమన్నారు.

వచ్చేది, ఒక కన్ను మూసుకునేది, గడగడా చదివేది. ఆఖరి వరసదాకా నన్నంత చక్కగా చదివినవాళ్లు లేరు. మురిసిపోయాను. ఆమె చూపు నామీద కాక జానెడు పక్కన ఆనుతోందని కనిపెట్టాను కూడా. అయినా పొగడ్త వింటున్నట్టు ఊరుకున్నాను. అట్టవి, నువ్వేం చేయగలవంటారా? మేకు వదిలేసి కింద పడితే చాలదూ? పడలేదు. డాక్టరమ్మ "బాగుంది" అని రాసేది. అలా మూడు నెలలు.

నాలుగో నెల ఆయా దీనమ్మ, బల్లి రెట్ట తుడుద్దామని నన్ను దించి చంకలో పెట్టుకుంది. డాక్టరమ్మ తలవంచి రాసుకుంటూ "చదవమ్మా" అంది. నాంచారమ్మ బోసిగోడకేసి తిరిగి మొత్తం చదివేసింది.

"ఓసి నీ దుంప తెగా! అట్ట నా చంకలో ఉంటే గోడమీద ఏం కనబడిందే నీకు?" అని దీనమ్మ పకపకా నవ్వింది.

ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

"బెంచీమీద కూచుని, లోపల చదివేవోళ్ల మాటలిని బట్టీపట్టానమ్మా. తిన్నటి గీత పాములా మెలికలు తిరుగుతంది. నడిమధ్యన బొగ్గుమచ్చ. చెబితే ఆ మందు ఆపేత్తారు. మా ఆఖరిదానికి తొమ్మిదేళ్లు. కళ్లు లేకపోయినా దాని పక్కన బతికుండాలి గదమ్మా!"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మందు అదొక్కటేనని ఎవరు చెప్పారమ్మా నీకు? నాదీ తప్పే. తలెత్తి చూడలేదు."

కంటి వెనక తెర ఫొటో తీస్తే పొంగిన పూరీలా ఉంది. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి ఫోను చేసింది. వాళ్లు ఆ మందు ఆపి వేరేది మొదలుపెట్టారు.

రెండు నెలలకు వాపు దిగింది. కుడికన్ను ఆఖరి వరస అందుకుంది. ఎడమది నాలుగో వరస దగ్గరే ఆగిపోయింది. ఆలస్యమైందట.

"ఇంతేనమ్మా, ఆ కిందవి కనబట్టంలేదు" అంది నాంచారమ్మ. నిద్రలో లేపినా అవి అప్పజెప్పగల మనిషి!

ఇప్పుడు నా మేకు దగ్గర అక్షరాలు మార్చే తెర పెట్టారు. నన్ను బీరువా వెనక, గోడకు మొహం పెట్టి నిలబెట్టారు. నెలనెలా నాంచారమ్మ గొంతు వినబడుతూనే ఉంది. ఊడ్చేటప్పుడు దీనమ్మ జాలిపడి నన్ను ఇటు తిప్పబోతుంది.

వద్దు తల్లీ. ఇలాగే ఉండనీ.