కుడికంటి పట్టీ

చొక్కా కుట్టినవాడికి పేరొస్తుంది. దానికి కాజాలు కుట్టినదెవరో తొడుక్కున్నవాడికి కూడా తెలియదు. అలాంటిది, ఆ వీధి చివర రెండు గదుల ఇంట్లో ఉండే ముసలావిడకి ఆ పనే పేరైపోయింది. చిన్నా పెద్దా అందరూ ఆమెను కాజాలమ్మ అనేవారు. పెళ్లయిన కొత్తలో పట్టిన సూది, భర్త పోయినా వదల్లేదు, కొడుకు లారీ డ్రైవరై నాలుగు రాళ్లు సంపాదిస్తున్నా వదల్లేదు. దర్జీ దుకాణం నుంచి చొక్కాల మూట వచ్చేది. కాజాలు, గుండీలు పూర్తయి తిరిగి వెళ్లేది.

కొడుకు ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. పొద్దున వెళితే పొద్దుగూకాకే రావడం. దాంతో మనవరాలు నానమ్మ ఒళ్లోనే పెరిగింది. కిటికీ గట్టెక్కి కూర్చుని వచ్చేపోయే వాళ్లందరినీ పలకరిస్తూ వసపోసినట్టు మాట్లాడేది. దానికి పిట్ట అని పేరు పెట్టింది కాజాలమ్మే. ఆ పేరే ఇంటా బయటా స్థిరపడిపోయింది.

పిట్టని బడిలో వేసిన ఏడాది పిల్లలందరికీ కళ్ల పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఎడమకన్ను మూస్తే పిట్ట గోడ మీది అక్షరాలన్నీ గడగడా చదివింది. కుడికన్ను మూయగానే కిలకిలా నవ్వి, "చెరిపేశారేంటి?" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. మర్నాడు తల్లిని ఆసుపత్రికి పిలిపించింది. కోడలు అత్తగారిని కూడా వెంటబెట్టుకు వెళ్లింది.

"ఎడమకంటి పవరు బాగా తేడాగా ఉందమ్మా," అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "దాంతో పిల్ల పనంతా కుడికంటితోనే కానిచ్చేస్తోంది. ఎడమకన్ను చూడ్డం నేర్చుకోలేదు. కళ్లద్దాలు పెట్టి, రోజూ కొంతసేపు కుడికన్నుకి పట్టీ వేస్తే నేర్చుకుంటుంది. కానీ ఇప్పుడే నేర్పాలి. ఏడెనిమిదేళ్లు దాటాయంటే ఎంత నేర్పినా అంతంతమాత్రమే."

"బాగున్న కంటికా పట్టీ?" అంది కాజాలమ్మ, తప్పు విన్నానేమో అనుకుని.

"అవును పెద్దమ్మా. బాగున్నదాన్ని మూస్తేనే రెండోది పనిలో దిగేది."

కాజాలమ్మకి ఆ మాట మింగుడుపడలేదు. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టుందే అనుకుంది. కోడలు మాత్రం ప్రతి మాటా చెవులు రిక్కించి వింది. ఫ్యాక్టరీలో సెలవు పెట్టి, తనే ఇంట్లో ఉండి పట్టీ అంటించేది. పిట్ట ఏడిస్తే బొమ్మలు గీయించేది, పూసలు గుచ్చించేది, మారాం మరీ ఎక్కువైతే తనూ ఒక కన్ను మూసుకుని దానితో కలిసి ఇల్లంతా తడుముకుంటూ తిరిగేది. మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు పిట్ట ఎడమకంటితో గోడ మీది పెద్ద అక్షరాలు రెండు వరుసలు చదివింది.

"చూశారా, నేర్చుకుంటోంది!" అని డాక్టరమ్మ పిట్ట బుగ్గ గిల్లింది. ఆ రోజు కోడలి మొహం వెలిగిపోవడం కాజాలమ్మ కూడా చూసింది.

ఎల్లకాలం సెలవు ఎవరిస్తారు? ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. కోడలు పట్టీల డబ్బా అత్తగారి చేతిలో పెట్టి, "అత్తయ్యా, బడి నుంచి రాగానే అంటించండి. నేనొచ్చేదాకా తియ్యకండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి," అంది.

"నాకు చెప్పాలా? నువ్వు నిశ్చింతగా వెళ్లు," అంది కాజాలమ్మ. ఆ మాట మనసారా అన్నదే.

మొదట్లో అన్నట్టే అంటించింది. కానీ కోడలికి వచ్చిన ఆటలేవీ ఆమెకి రావు. పక్కనే చొక్కాల మూట, ఎదురుగా పిల్ల. పట్టీ వేసుకున్న పిట్ట వేరే పిల్లలా ఉండేది. కిటికీ ఎక్కేది కాదు, నోరు విప్పేది కాదు. "నానమ్మా, అంతా పొగగా ఉంది," అంటూ చీరచెంగు పట్టుకుని వెనకే తిరిగేది. ఒకరోజు గడప తట్టుకుని బోర్లా పడింది. పై పెదవి చిట్లి రక్తం గౌను మీద కారింది. కాజాలమ్మ గుండె చెరువైంది. పిల్లని ఒళ్లోకి లాక్కుని, నెత్తురు తుడిచి, పట్టీ ఊడబెరికేసింది.

"పోనీలే తల్లీ, ఈ ఒక్కరోజుకీ," అంది.

ఒక్కరోజు అన్నది ఎక్కడ ఆగుతుంది? ఇంకో సంగతి కూడా ఉంది. కాజాలమ్మకి కొన్నేళ్లుగా చూపు మసకేసింది. కుట్టడం చేతి అలవాటు మీద సాగిపోయేది గానీ సూదిలో దారం ఎక్కించడం ఆమె వల్ల కాదు. ఆ పని పిట్టదే. పట్టీ ఉంటే పిట్ట చేతిలో దారం సూది చుట్టూ తిరిగేదే తప్ప బెజ్జంలోకి దూరేది కాదు. తీస్తే చిటికెలో పని. "ఒక్క దారం ఎక్కించి మళ్లీ పెట్టుకుందువుగాని," అనేది. పిట్ట దారం ఎక్కించి, ఎక్కించిన సంతోషంలో కిటికీ ఎక్కేది, వీధిలో పోయేవాళ్లతో కబుర్లు మొదలుపెట్టేది. ఇల్లు మళ్లీ ఇల్లులా అనిపించేది. కలకలలాడుతున్న పిల్లని దింపి, కన్ను మూసి, ఏడిపించడానికి ఆమెకి చేతులు రాలేదు. ఒక కన్ను శుభ్రంగా కనిపిస్తోంది కదా, లోకంలో దానికి ఏం తక్కువైందని ఈ గోల అనుకునేది.

కోడలు వచ్చే వేళకి పట్టీ మళ్లీ కంటి మీద ఉండేది. జిగురు పోయిన పట్టీ అంచులకి కాజాలమ్మ మరో ప్లాస్టరు ముక్క అంటించేది. "అమ్మకి చెప్పకే, కోప్పడుతుంది," అని ఒక్కసారే అంది. పిట్టకి రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆదివారాలు మాత్రం కోడలు ఇంట్లో ఉండేది. ఆ రోజు పట్టీ తప్పేది కాదు. అలవాటు తప్పిన కన్ను కావడంతో పిట్ట గుక్కపట్టి ఏడ్చేది. తల్లిని కొట్టేది, రక్కేది. "నువ్వొద్దు, నానమ్మే కావాలి!" అని అరిచేది. కోడలు పళ్లబిగువున ఓర్చుకుని మరో పట్టీ అంటించేది. "రోజూ మీ దగ్గర ఎలా పెట్టుకుంటోంది అత్తయ్యా, నా దగ్గరైతే ఇంత యాగీ చేస్తోంది?" అని ఒకసారి అడిగింది. ఆ గొంతులో అనుమానం లేదు. నేర్చుకుందామనే ఉంది.

"మెల్లగా బుజ్జగించాలే," అంది కాజాలమ్మ. అని, చేతిలో చొక్కా వంకే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్షరాల వరుస పెరగలేదు. ఆ తర్వాతా అంతే. డాక్టరమ్మ కళ్లద్దాలు మార్చింది. "రోజూ వేస్తున్నారా?" అంటే కోడలు అత్తగారి వైపు చూసేది. "వేస్తున్నామమ్మా," అనేది కాజాలమ్మ. "అయితే చాలడం లేదేమో, ఇంకాస్త సేపు ఉంచండి," అనేది డాక్టరమ్మ. అలా పట్టీ పడని కంటికి పట్టీ వేళ పెరుగుతూ పోయింది. పిట్టకి ముందుపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. గౌన్లు పొట్టివయ్యాయి.

చివరికి ఒకరోజు డాక్టరమ్మ పిట్ట గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. కుడికంటి చుట్టూ వేలితో నిమిరి చూసింది.

"ఇన్నాళ్లు రోజూ గంటల తరబడి పట్టీ ఉన్న పిల్లకి ఇక్కడ చర్మం కందిపోతుందమ్మా, రంగు మారుతుంది. ఈ పిల్లకి అద్దంలా ఉంది," అంది. కోప్పడలేదు. పిల్లనే అడిగింది. "పట్టీ పెట్టుకుంటున్నావా అమ్మలూ?"

"ఆదివారం పెట్టుకుంటా. మామూలు రోజుల్లో నానమ్మ తీసేస్తుందిగా, నేను ఏడవకుండా," అంది పిట్ట. నానమ్మ మంచితనం నలుగురికీ చెబుతున్నంత గర్వంగా అంది.

కాజాలమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. కోడలు ఆమె వైపు తిరగలేదు. పిల్ల కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది.

బస్సులో కోడలు అంత ఎదిగిన పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక కాజాలమ్మే తట్టుకోలేక అంది. "తిట్టవే నన్ను. నోరారా తిట్టు. ఇలా ఊరుకోకు."

"ఏమని తిట్టను అత్తయ్యా?" అంది కోడలు. "తిడితే కన్నొస్తుందంటే తెల్లారేదాకా తిడతాను."

కొడుక్కి ఫోనులో చెప్పారు. లారీ ఎక్కడో రోడ్డు పక్కన ఆపుకున్నాడు కాబోలు, వెనక హారన్లు వినిపిస్తున్నాయి. "అమ్మా, కాస్త పట్టీ అమ్మా... పిల్ల కంటిమీద కాస్త పట్టీ ఉంచలేకపోయావా?" అన్నాడు. ఫోను ఎప్పుడు పెట్టేశాడో కాజాలమ్మకి తెలియలేదు.

కోడలు ఉద్యోగం మానేసింది. డాక్టరమ్మ లేనిపోని ఆశ చూపించలేదు, చివరి ప్రయత్నం చేద్దాం అంది, అంతే. తల్లీకూతుళ్లు ఆ ప్రయత్నం గట్టిగానే చేశారు. పిట్ట ఇప్పుడు చిన్నపిల్ల కాదు. బడికి పట్టీతో వెళితే పిల్లలు వెనకాల ఒక కన్ను మూసుకుని నడిచి వెక్కిరించేవారు. దారంతా ఏడుస్తూనే ఇంటికొచ్చేది. వాకిట్లో ఉన్న నానమ్మ వంక ఆశగా చూసేది. కాజాలమ్మ లేచి లోపలికి వెళ్లిపోయేది. ఇంత గట్టి మనసు తనకి ఇప్పుడొచ్చింది, అవసరం తీరిపోయాక.

ఎడమకంటికి మాత్రం గోడ మీది అక్షరాలు అందలేదు. మొదటిసారి సంపాదించిన ఆ రెండు వరుసలూ కూడా ఎప్పుడో పోయాయి.

"ఇక ఆపేద్దాం," అంది డాక్టరమ్మ. "పిల్లని బాధపెట్టడమే మిగులుతోంది. కుడికన్ను ఒక్కటీ జాగ్రత్తగా చూసుకోండి. బంతి, పుల్ల, కత్తెర, ఏదీ దానికి తగలకూడదు. కళ్లద్దాలు ఎప్పుడూ తియ్యకూడదు. ఉన్నది ఇదొక్కటే అనుకోండి."

కోడలు తలూపింది. కాజాలమ్మ ముందుకొచ్చి డాక్టరమ్మ చేయి పట్టుకుంది. "నాది తీసి దీనికి పెట్టమ్మా. నేనింకెన్నాళ్లుంటాను? నాకెందుకు?"

"పెట్టి ఏం లాభం పెద్దమ్మా? పాప కన్ను బాగానే ఉంది. అది చూసింది చూసినట్టు అర్థం చేసుకోవడం మెదడు నేర్చుకోలేదు. ఆ వయసు దాటిపోయింది," అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో అలసట ఉంది. అలాగే చేయి వదిలించుకోకుండా, చిన్న లైటు వేసి కాజాలమ్మ కళ్లలోకి చూసింది. "మీకు శుక్లాలు ముదిరిపోయాయి. చిన్న ఆపరేషనే. నాలుగు రోజుల్లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది."

కాజాలమ్మ రెండు అడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు. నేను చేయించుకోను. ఏ మొహం పెట్టుకుని చేయించుకోను?"

"చేయించుకోండి అత్తయ్యా," అంది కోడలు. చాలా రోజుల తర్వాత ఆమె అత్తగారి మొహంలోకి సూటిగా చూసింది. "నేను మళ్లీ పనిలో చేరాలి. పిల్లని కనిపెట్టుకుని ఉండే మనిషికైనా చూపుండాలిగా."

ఆ మాటలో క్షమించడం లేదు, సాధించడమూ లేదు. అందుకే కాజాలమ్మ ఎదురు చెప్పలేకపోయింది.

ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ అన్నట్టే చూపు వచ్చింది. వచ్చాక గాని తెలియలేదు, ఇన్నాళ్లూ తను చూడనిదెంతో. గోడ మీది పగుళ్లు కనిపించాయి. కోడలి చెంపల దగ్గర ఎప్పుడొచ్చాయో తెల్లవెంట్రుకలు కనిపించాయి. తను కుట్టిన కాజాలు పాతవి చూసుకుంటే అంత ముద్దుగా ఏం లేవు. దర్జీ మొహమాటానికే తీసుకున్నాడని అర్థమైంది. మూటలు ఇక పంపవద్దని చెప్పేసింది. ఇంట్లో సూదులు, కత్తెరలు అన్నీ ఏరి పక్కింటావిడకి ఇచ్చేసింది.

బడికి సెలవైన ఒక పొద్దున కోడలు ఫ్యాక్టరీకి వెళ్లే ముందు వంటింట్లో ఏదో సర్దుతోంది. పిట్టకి దాహమేసి కూజా ఎత్తి గ్లాసులోకి వంచింది. నీళ్లు గ్లాసు పక్కన, బల్ల మీద పడ్డాయి. ఇంతకు ముందు కూడా అలా నేల మీద నీళ్ల చప్పుడు వినిపించేది. చేతికి నిలకడ లేదే నీకు అని కాజాలమ్మ విసుక్కునేది. ఇప్పుడు పక్కగదిలోంచి కళ్లారా చూసింది. పిట్ట తల ఒక పక్కకి వాల్చి, కుడికంటిని గ్లాసు మీదికి తెచ్చి గురి చూసుకుంటోంది. ఎడమకన్ను ఆ గురితో తనకేం పట్టనట్టు, పక్కకి జారి తలుపు వైపు చూస్తోంది. గ్లాసు ఎంత దూరంలో ఉందో ఆ ఒంటికంటికి అందడం లేదు. పిట్ట ఎవరైనా చూశారేమోనని ఇటూ అటూ చూసి, గౌను అంచుతో బల్ల తుడిచేసింది. ఈసారి ఎడమచేతి వేలు గ్లాసు అంచు మీద పెట్టుకుని, ఆ వేలికి కూజా మూతి ఆనించి, చాలా జాగ్రత్తగా పోసుకుంది.

ఎవరూ నేర్పలేదు. తనంతట తనే నేర్చుకుంది.

కాజాలమ్మ తల తిప్పేసరికి వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఆమె కూడా అంతా చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కోడలు గుడ్డ తెచ్చి బల్ల కింద కారిన నీళ్లు తుడిచి, పిండి, చేయి కడుక్కుని, సంచీ భుజాన వేసుకుంది.

"వెళ్లొస్తా అత్తయ్యా. చూస్తూ ఉండండి," అంది.

కాజాలమ్మ చూస్తూనే ఉంది.