హన్నాకి నలుగు

ఆదివారం వచ్చిందంటే మా సుస్మితకి నలుగు పెట్టడం నా డ్యూటీ. శనగపిండిలో మీగడా పసుపూ కలిపి, పిల్ల ఒళ్ళు కమిలేదాకా రుద్దాలి. "దీనికి నీ రంగే వచ్చి చచ్చింది, ఇంకాస్త గట్టిగా రుద్దు" అంటారు అత్తగారు వరండాలో కుర్చీ వేసుక్కూచుని. పెళ్ళిచూపుల్లో "రంగు తక్కువైనా ముఖంలో కళ ఉందిలే" అని నన్ను ఒప్పుకున్నదీ ఆవిడే. ఒప్పుకున్నారు కదాని ఇన్నేళ్ళుగా అన్నిటికీ నవ్వుతూనే ఉన్నాను.

గుణదలలో మా మేడమీద గదిలోకి ఈ మధ్యే హన్నా అనే అమ్మాయి అద్దెకి వచ్చింది. వాళ్ళది టాంజానియా, ఇక్కడ కాలేజీలో చదువుతోంది. మొదటిరోజే మా ఆయన చక్రి టీ తాగుతూ, "ఆ అమ్మాయిని చూశాక మన పిల్ల తెల్లగానే ఉందనిపిస్తోందే" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళాను, అంతే.

హన్నా మెట్లు దిగితే చాలు, నాకు కంగారు. ఎక్కడ ఏ మాట తప్పుగా దొర్లుతుందోనని వచ్చీరాని ఇంగ్లీషులో వాక్యాలు ముందే కూర్చుకునేదాన్ని. దవడలు నొప్పెట్టేలా నవ్వేదాన్ని. అడక్కపోయినా కాఫీ ఇచ్చేదాన్ని. తనేమో వీధిలోకి వెళ్ళేటప్పుడు ఫోను చెవికి ఆనించుకునేది. అవతల ఎవరూ ఉండరట. సందు చివర కుర్రాళ్ళు అనే మాటలు వినబడనట్టు నటించడానికట. అది చెప్పి తనే ముందు నవ్వేసింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు.

మొన్న ఆదివారం పెరట్లో నలుగు పెడుతుంటే హన్నా కిందికి దిగింది. సుస్మిత పిండిగిన్నె రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "అక్కా, నువ్వూ రుద్దుకో. తెల్లగా అయిపోతావు. అప్పుడు నిన్నెవరూ ఏమీ అనరు" అంది, ఎంతో ప్రేమగా.

పాప ఏమంటోందని హన్నా నన్నడిగింది. ఒంటికి చలవ అనో, పండగ స్నానం అనో చెప్పేయొచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఏమైందో ఏమో, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈసారి నాకు నవ్వు రాలేదు. తనూ నవ్వలేదు. వంగి, సుస్మిత చెంప మీది పిండిని వేలితో మెల్లగా తుడిచి, గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

సుస్మిత బిక్కమొహం వేసింది. "అక్కకి వాళ్ళమ్మ నలుగు పెట్టదా?"

"పెట్టదమ్మా. వాళ్ళమ్మకి అక్క ఎలా ఉందో అలాగే ఇష్టం."

పిల్ల పిండిగిన్నె కింద పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"మరి నేనంటే నీకిష్టం లేదా అమ్మా?"